ఆత్మకూరు కౌంటరు, ఆపా ఆడిన కోట ఆట

ఈమధ్య మా వీధి కుర్రవాళ్ళు నన్ను పట్టుకుని ఒకటే వాదన. టీవీకి తగిలించుకునే వీడియో ఆటల పెట్టెలు తయారుచేసే కంపెనీలు ఒకప్పుడు ప్రాణం పెట్టి ఆడేవాళ్ళను నెత్తిన పెట్టుకునేవట, ఇప్పుడు వాళ్ళను గాలికి వదిలేసి, భోజనాలయ్యాక కాసేపు చెయ్యి ఊపి పడుకునేవాళ్ళ వెంట పడ్డాయట. ఇదేదో నిన్న మొన్న పుట్టిన అన్యాయమైనట్టు ఫోన్లలో పేజీలకు పేజీలు తిట్టుకుంటున్నారు. నేను విని నవ్వుకుంటాను. నాయనలారా, మీరు తిట్టే ఆ కంపెనీవాణ్ణి నేనే. ఆటగాళ్ళను వదిలించుకోమని పైనుంచి వచ్చిన మాటను నెల్లూరు జిల్లా ఆత్మకూరు బస్టాండు పక్కన అమలు చెయ్యడానికి జీతం తీసుకున్నవాణ్ణి. రిటైరై ఇంట్లో కూర్చున్నాను కనుక ఇప్పుడు చెప్పుకోవచ్చు. అక్కడ జరిగిన ఒక రోజు సంగతి తలుచుకుంటే నేను కూర్చున్నచోట కూర్చోలేను, మధ్యలో లేచి నిలబడి చెప్పేస్తుంటానని మా ఇంట్లో ఎగతాళి కూడా చేస్తారు. కాగితం మీద ఆ భయం లేదు.

కంపెనీ పేరు అడక్కండి, మనుషుల పేర్లు అసలే అడక్కండి. మాది దుత్తలూరు. సొంత గడ్డ తెలిసినవాడని నన్ను ఏరియా ఆఫీసరుగా ఆత్మకూరులో వేశారు. ఇటు సంగం నుంచి అటు ఉదయగిరి దాకా నా రాజ్యం. రాజ్యమంటే పెద్దగా ఊహించుకోకండి. ముందు గదిలో అమ్మకాల బల్ల, వెనక గదిలో రిపేరు కౌంటరు, ఆ రెంటికీ మధ్య ఒక పాత టీవీ, దానికి తగిలించిన మా పాత మోడల్ ఆటల పెట్టె. ఎవరొచ్చినా ఆడి చూసుకోవచ్చు. అంతే.

రిపేరు కౌంటరులో ఉండేది ఒక మెకానిక్. రోజూ సంగం నుంచి బస్సులో వచ్చేవాడు. మాకు రాకముందు రేడియోలూ మిక్సీలూ బాగుచేసేవాడట. పాత పెట్టెకు ఒకటే జబ్బు. లోపల డిస్కును చదివే లెన్సు మసకబారుతుంది, ఆట మధ్యలో బొమ్మ నిలిచిపోతుంది. అతను దూదిని స్పిరిట్‌లో ముంచి ఆ లెన్సును తుడుస్తూ పెట్టెతో మాట్లాడేవాడు. ఆడి ఆడి చెడిన పెట్టె వస్తే మురిసిపోయేవాడు, అలమారలో ఊరికే దుమ్ము పట్టి చెడినది వస్తే మొహం చిట్లించేవాడు. తుడిచినా పలక్కపోతే కొత్త లెన్సు వెయ్యాలి. అది కంపెనీ పంపితేనే వస్తుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, మిగతా సాంకేతికమంతా వదిలేద్దాం.

ఇక అసలు మనిషి. ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కే ఇళ్ళున్నాయి కదా, ఆ ఇళ్ళలో ఒకావిడ. ముప్పై దాటిన వయసు. తల్లీ తనూ ఉంటారు. వారానికోసారి, ఆత్మకూరు సంత రోజున సంచినిండా చెంచాలూ గరిటెలూ తెచ్చి బజారులో ఒక కొట్టుకు వేసేది. పని అయిపోగానే నేరుగా మా దగ్గరికి వచ్చి పాత టీవీ ముందు చెప్పులు విడిచి కూర్చునేది. అందరూ ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఇంట్లోనూ ఆవిడకు మా పాత పెట్టె ఒకటుంది, తన కష్టంతో కొనుక్కున్నది. అయినా మా టీవీ పెద్దదని ఇక్కడ కూడా ఆడితేగానీ బస్సెక్కేది కాదు.

ఆవిడ ఆడేది ఒకే ఒక ఆట. కోట ఆట. కింద మైదానంలో ఒక మనిషిని నిలబెడతారు. ఎదురుగా కొండ, కొండమీద కోట, దారిపొడవునా ఏడు వాకిళ్ళు. ఒక్కో వాకిలి దగ్గరా ఒక గండం. ఎక్కడ కాలు జారినా మళ్ళీ మైదానంలోనే లేస్తాడు, మొదటి నుంచీ ఎక్కాలి. అంత నిర్దయగా ఎవరు చేశారో గానీ, కొని ఇంటికి తీసుకుపోయినవాళ్ళు చాలామంది మూడో వాకిలి దగ్గరే దండం పెట్టేసేవాళ్ళు. ఆపా ఒక్కతే ఏడో వాకిలి దాకా పోయేది. దాన్ని మాత్రం దాటలేకపోయింది. అది దాటితే అవతల ఏముందో మా వైపు ఎవరికీ తెలియదు. ఆవిడకు వినయం లాంటిది ఏమీ లేదు. తన అంత ఆడేవాళ్ళు నెల్లూరులో కూడా లేరని నాతో నిబ్బరంగా చెప్పేది. నేను నెల్లూరంతా తిరిగి చూసినవాణ్ణే, అబద్ధమని అనలేకపోయేవాణ్ణి.

ఇలా సాగుతుండగా హైదరాబాదు నుంచి జోనల్ మేనేజరు దిగాడు. నాకంటే బాగా చిన్నవాడు, చురుకైనవాడు, మాట తీరు మంచిది. వెంట కొత్త పెట్టె తెచ్చాడు. చేతిలో ఒక కర్రలాంటిది పట్టుకుని గాలిలో ఊపితే టీవీలో బంతి దొర్లుతుంది, గాలిపటం ఎగురుతుంది. ముసలివాళ్ళైనా పసివాళ్ళైనా కడుపులో చల్ల కదలకుండా ఆడుకోవచ్చు. అతని లెక్క వినండి, తెలివితక్కువది కాదు. ఒళ్ళు మరిచి ఆడేవాడు ఒక పెట్టె కొని దాన్నే ఏళ్ళ తరబడి బాగుచేయించుకుంటాడు, వాడితో కంపెనీకి వచ్చేదేముంది? ఆటంటే భయపడే ఇళ్ళు ప్రతి వీధినిండా ఉన్నాయి, వాళ్ళ భయం పోగొడితే చాలు. కాబట్టి ఇక పాత పెట్టెకు లెన్సులు రావు. రిపేరు కౌంటరు ఎత్తేసి ఆ గదిలో సోఫాలు వేసి ఫ్యామిలీ షోరూం చెయ్యాలి. ముందుగా కల్యాణమండపం తీసుకుని ఒక ఫ్యామిలీ డే జరపాలి, మంచి మంచి కుటుంబాలను పిలవాలి. ఒక్క మాట గట్టిగా చెప్పాడు: పాత ఆటగాళ్ళు ఆ చుట్టుపక్కల కనిపించకూడదు, వాళ్ళు ఆడే ఆటలు చూస్తే ఆడవాళ్ళూ పెద్దవాళ్ళూ బెదిరిపోతారు.

సరేనన్నాను. నిజం చెబితే నాకూ ఆ లెక్క నచ్చింది. ఒక వీధి అంతా మా పెట్టె ఉంటుందంటే ఏ ఏరియా ఆఫీసరుకు ఉత్సాహం రాదు చెప్పండి. మెకానిక్‌కు నెల్లూరు గోడౌనులో ఏదో పని చూపిస్తామన్నారు. అతను దూది ముక్క స్పిరిట్ సీసాలో ముంచుకుంటూ కూర్చున్నాడు.

ఆ వారం సంత రోజున ఆపా రాగానే విషయం చెప్పాను. ఆవిడ నా వంక చూడనే లేదు, మెకానిక్ వైపు తిరిగింది.

"మా ఇంటి మిషను ఇంకెన్నాళ్ళు ఆడతాది?"

"ఎండాకాలం దాటితే గొప్ప ఆపా. అప్పుడే తడబడతా ఉండాది గదా."

"అయితే ఆ లోపల ఏడో వాకిలి దాటాల," అన్నది. తరవాత నావైపు తిరిగింది: "పొద్దన లేస్తే చెక్క, మునిమాపు దాకా చెక్క. చేసిన ప్రతి చెంచా ఇంకొకరింటికి పోతాది సార్. ఈ ఆట ఆడే ఆ కాస్త సేపే నాది. సగంలో వదలమంటే ఎట్టా?"

నేనేం చెప్పగలను? కొత్త పెట్టె మంచిదని, తేలికగా ఉంటుందని ఏదో గొణిగాను. ఆవిడ మైదానంలో మనిషిని నిలబెట్టి ఆడటం మొదలుపెట్టింది. ఆ రోజు నాలుగో వాకిలి దగ్గరే పడింది. మళ్ళీ ఆడి మూడో దాని దగ్గర పడింది. ఆవిడ అంత తక్కువలో పడటం నేనెప్పుడూ చూడలేదు. తొందర. మిషను పోయేలోపల దాటాలనే తొందర చేతుల్లోకి వచ్చేసింది. నాకు మనసు చివుక్కుమంది గానీ ఫ్యామిలీ డే పనుల్లో పడి మరిచిపోయాను. వెళ్ళేటప్పుడు ఆవిడతో, ఆ రోజు మండపం దగ్గరికి రావద్దని కూడా చెప్పాను, నవ్వుతూనే చెప్పాను.

పిలుపులకు నేనే తిరిగాను. చేజర్లలో పెద్ద రైతుల ఇళ్ళు, సంగంలో కాలువ కింద పొలాలున్నవాళ్ళు, దుత్తలూరులో మా చుట్టాలు. వెళ్ళిన ప్రతిచోటా మర్యాద చేశారు, తప్పకుండా వస్తామన్నారు. కుటుంబమంతా రావాలని నేను, వస్తామని వాళ్ళు. ఇల్లు అలకగానే పండగ కాదని తెలిసి కూడా నేను అప్పటికే పండగ చేసేసుకున్నాను.

ఆ రోజు పొద్దున్నే మండపం ముస్తాబైంది. పెద్ద తెర, వరసగా కొత్త పెట్టెలు, చల్లటి మజ్జిగ, వెనక వంటవాళ్ళు. మెకానిక్ ఒక గోనెసంచి మోసుకుంటూ ఆటో దిగాడు. ఏమిటని అడిగితే కౌంటరులోని పాత పెట్టె అన్నాడు. ఎందుకు తెచ్చావయ్యా అంటే, ఉంటే మంచిదన్నాడు. తెర వెనక పెట్టమని చెప్పి గేటు దగ్గరికి పరిగెత్తాను, అప్పటికే కార్లు వస్తున్నాయి.

మొదటి కారు చేజర్లది. ఊళ్ళో మాట చెల్లుబడి ఉన్న రైతు. ఆయన దిగాడు, భార్య దిగింది, ఎనభై దాటిన తల్లి దిగింది. ముందు సీటు తలుపు తెరుచుకుని ఇంకొకరు దిగారు. ఆపా.

గబగబా దగ్గరికి పోయి చిన్నగా, రావద్దని చెప్పాను కదా అన్నాను.

"మీరు రావద్దన్నారు, వీళ్ళు రమ్మని ఉదయగిరికి కారంపినారు," అన్నది. "నేను ఎవురి మాట వినాల సార్?"

రైతు నా భుజం తట్టి, "మాకు ఈ ఆటలూ గీటలూ ఏం తెలుసు అబ్బయా, తెలిసినామెను తెచ్చుకున్నాం," అన్నాడు. ఇంతలో సంగం వ్యాను ఆగింది. దిగినవాళ్ళు నన్ను పలకరించకుండానే, ఆపా వచ్చిందా అని అడిగారు. దుత్తలూరు నుంచి వచ్చిన మా పెదనాన్న కొడుకు కూడా అదే అడిగాడు. అప్పుడు వెలిగింది నా బుర్ర. మా పడమటి పల్లెల్లో తెలిసినవాడు పక్కన లేకుండా ఎవరూ ఏదీ కొనరు. ఎద్దును కొనాలంటే పళ్ళు చూసేవాడు, బోరు మోటారుకైతే వైండింగు తెలిసినవాడు, సెల్‌ఫోనైనా సరే, ఊళ్ళో ఒకడుంటాడు, వాడొచ్చి తల ఊపాలి. మా నాయన ఆ తల ఊపేవాడి కోసం తిరణాల్లో సాయంత్రం దాకా ఎదురుచూసేవాడు. ఇదంతా చూస్తూ పెరిగినవాణ్ణి నేను. సంత రోజునే మా అమ్మకాలు ఎందుకు ఎక్కువో ఇన్నాళ్ళూ సంతవల్లే అనుకున్నాను. సంతవల్ల కాదు. ఆ రోజు మా పాత టీవీ ముందు ఆపా కూర్చుని ఉంటుంది, వచ్చినవాళ్ళు ఆవిడను అడిగి కొనేవాళ్ళు. దుత్తలూరులో పుట్టి ఇంత చిన్న సంగతి పట్టుకోలేని నన్ను, సొంత గడ్డ తెలిసినవాడని వేశారు.

మేనేజరుకు ఇవేమీ తెలియవు. వరసగా కూర్చున్న కుటుంబాలను చూసి అతని మొహం వెలిగిపోతోంది. కొత్త పెట్టె పెట్టి అందరి చేతా ఆడించాడు. చేజర్ల రైతు తల్లి కర్ర ఊపితే తెరమీద గాలిపటం లేచింది. ఆవిడ బోసినోటితో నవ్విన నవ్వుకు హాలంతా నవ్వింది. నేను చూస్తూనే ఉన్నాను, నాకు చాలా సంతోషమేసింది, ఆ పెట్టె చెడ్డదని నేను ఈనాటికీ అనను. తరవాత మేనేజరు చూపు ఆపా మీద పడింది. మామూలు చీరలో, కొంగు తలమీద కప్పుకుని, ఇంటిపని చేసి వచ్చిన మనిషిలా కూర్చుని ఉంది. సరిగ్గా తన కంపెనీకి కావలసిన కొనుగోలుదారు అనుకున్నాడు. నేను సైగ చేసేలోపలే వెళ్ళి గౌరవంగా వేదిక మీదికి తీసుకొచ్చాడు.

ఆపా కర్ర పట్టుకుని బంతి దొర్లించింది. తెరమీద ఎదురుగా నిలబెట్టిన గూటాలన్నీ ఒక్క దెబ్బకు పడ్డాయి. మళ్ళీ దొర్లించింది, మళ్ళీ అన్నీ పడ్డాయి. ఎటు విసిరినా పడుతున్నాయి. తెరమీద రంగులు, పెట్టెలోంచి చప్పట్లు. మేనేజరు మైకు ఆవిడ నోటి దగ్గర పెట్టి ఎలా ఉందమ్మా అని అడిగాడు.

"సులువుగానే ఉండాది సార్," అన్నది. "అదే బాధ."

మైకులో ఆ మాట హాలు చివరిదాకా వెళ్ళింది. ఆ తరవాత ఏం జరిగిందో మీరు చూడవలసింది. ఎవరూ లేచిపోలేదు. భార్యతో రంగు ఏది బాగుందో మాట్లాడుతున్న సంగం రైతు మాట ఆపేశాడు. కొత్త పెట్టెను చేత్తో నిమురుతున్నావిడ చెయ్యి తీసేసుకుంది. చేజర్ల ముసలావిడ కర్రను మెల్లగా బల్లమీద పెట్టేసింది. తెలిసినామె తల అడ్డంగా ఊపేసినట్టే, ఇక బేరం లేదు. మేనేజరుకు నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. నన్ను పక్కకు లాగి, ఎవరీమె అని అడిగాడు. దాచి లాభం లేదని అంతా చెప్పేశాను: వారం వారం వచ్చి ఆడే మనిషని, మనం రావద్దన్న ఆటగాళ్ళలో మొదటిదని, ఈ హాల్లో ఉన్నవాళ్ళంతా ఈమెను అడిగే కొంటారని.

అతను నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ఒక్క క్షణం ఆలోచించి ఆవిడ దగ్గరికే వెళ్ళి, సులువు కానిది ఎలా ఉంటుందో చూపించమన్నాడు. పంతమో, కుతూహలమో నేను చెప్పలేను. మెకానిక్ అప్పటికే గోనెసంచి విప్పుతున్నాడు.

ఆపా వేదిక మీద చెప్పులు విడిచి కింద కూర్చుంది. పెద్ద తెరమీద మైదానం, కొండ, కోట. ఉదయగిరి దుర్గం చూస్తూ పెరిగినవాళ్ళకు కొండమీద కోట కొత్త కాదు, అందరూ కాస్త ముందుకు జరిగారు. మొదటి వాకిలి దాటింది, రెండోది దాటింది. మూడో దాని దగ్గర దొర్లే బండరాళ్ళు. అక్కడ జారింది. మనిషి మైదానంలో లేచాడు. "అయ్యో తల్లీ, మొదటికొచ్చిందే," అన్నది చేజర్ల ముసలావిడ. మళ్ళీ ఎక్కింది. ఈసారి ఆవిడలో తొందర లేదు. అంతమంది చూస్తుంటే ఎలా పోయిందో నాకు తెలియదు. బహుశా ఆవిడ మమ్మల్ని మరిచిపోయిందేమో. బండరాళ్ళు దాటింది. నాలుగు. అయిదు. మజ్జిగ పంచేవాడు గ్లాసులు పట్టుకుని నిలబడిపోయాడు. వెనకనుంచి వంటవాళ్ళు గరిటెలతో వచ్చేశారు. ఆరో వాకిలి దగ్గర తాడు పట్టుకుని ఊగాలి. ఆవిడ ఊగుతుంటే ముందు వరసలో పెద్దమనుషులు కూడా కూర్చున్నచోటే ఊగుతున్నారు, నేనూ ఊగాను. దాటింది. హాలు ఒక్కసారి అరిచింది.

ఏడో వాకిలి. నడిమధ్య లోయ, అవతల వాకిలి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. తెరుచుకున్న రెప్పపాటులో దూకాలి. ఆవిడ మనిషిని అంచున నిలబెట్టింది. సరిగ్గా అప్పుడు బొమ్మ ఆగిపోయింది. లెన్సు. హాలంతా ఉసూరుమంది. మెకానిక్ ఒక్క దూకులో వచ్చి పెట్టె పక్కన చెవి ఆనించి వేలితో మెల్లగా తట్టాడు, ఇంకోసారి తట్టాడు. బొమ్మ కదిలింది. ఆపా కళ్ళు తెరమీదనుంచి తిప్పనే లేదు. వాకిలి మూసుకుంది, తెరుచుకుంది, మూసుకుంది. దూకింది. మనిషి చెయ్యి అవతలి గడపను పట్టుకుంది. నేను కుర్చీ ఎక్కేశాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను. ఆ చెయ్యి జారిపోయింది.

మైదానం. మొదటి నుంచి.

మొట్టమొదట వినిపించిన గొంతు మా జోనల్ మేనేజరుది. చొక్కా చేతులు ఎప్పుడు పైకి మడుచుకున్నాడో, ఆవిడ పక్కనే మోకాళ్ళమీద కూర్చుని ఉన్నాడు.

"ఇంకోసారి," అన్నాడు.

ఆపా ఆడలేదు. చేతిలోది కింద పెట్టింది. "ఇంకోసారి ఆడాలంటే మిషను బతికుండాల గదా సార్," అన్నది.

అతను పెట్టె వంక చూశాడు. ఇంతలో చేజర్ల రైతు లేచి నిలబడి, ఇంతకీ తాము కొనేదా వద్దా చెప్పమని ఆపాను అడిగాడు. హాలంతా ఆవిడవైపు తిరిగింది. ఒక్క మాటతో కంపెనీ మీద కక్ష తీర్చుకోవచ్చు. నేను కళ్ళు మూసుకున్నాను.

"కొనండి పెద్దాయనా," అన్నది. "మీ అమ్మ నవ్వింది, నేను చూసినాను. నాకు పనికిరాదు గానీ ఆమెకు బాగుండాది. అయితే ఒకటి. చెడితే బాగుచేసే కౌంటరు ఉంటేనే కొనండి. నా పాతదానికి ఈ పొద్దు లెన్సు ఆపినోళ్ళు, మీ కొత్తదానికి రేపు ఆపరని ఏంది నమ్మకం?"

తలలన్నీ ఒక్కసారి ఆపా మీదనుంచి మేనేజరు మీదికి మళ్ళాయి. నా ఉద్యోగ జీవితంలో ఎన్నో మీటింగులు చూశాను, ఎన్నో బేరాలు చూశాను, ఇంత అందమైన బేరం చూడలేదు. అతను ఆపాను చూశాడు, గోనెసంచి పక్కన నిలబడిన మెకానిక్‌ను చూశాడు, ఫక్కున నవ్వేశాడు. మైకు తీసుకుని, కౌంటరు ఉంటుందని, పాతదానికీ కొత్తదానికీ రెంటికీ ఉంటుందని, పైవాళ్ళను ఒప్పించే పూచీ తనదని అందరిముందూ చెప్పాడు. నోటిమాటే కదా అని సంగం రైతు అనుమానపడితే, మాట తప్పితే కొన్న పెట్టెలన్నీ వెనక్కి తెచ్చి మీ ఏరియా ఆఫీసరు నెత్తిన వెయ్యండని నన్ను చూపించాడు. ఆ రోజు తెచ్చిన కొత్త పెట్టెలన్నీ అమ్ముడుపోయాయి. అన్నాలు మాత్రం చల్లారిపోయాయి, ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు కుర్రవాళ్ళ వాదనకు నా జవాబు చెబుతాను. కంపెనీ ఆటగాళ్ళను చిన్నచూపు చూసిందా? చూసింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టే చూసింది, ఆ చూసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అయితే మీరనుకున్నట్టు చెయ్యి ఊపేవాళ్ళు వచ్చి మీ చోటు లాక్కోలేదు. ఆ రెండు గుంపులూ వేరువేరని మేం అనుకోవడమే పొరపాటు. ఆ ముసలావిడ నవ్వాలన్నా ఆమెకు ఆ పెట్టె మంచిదని చెప్పే మనిషి ఒకరుండాలి, ఆ మనిషి ఏడో వాకిలి దాకా పోయిన మనిషై ఉండాలి. లేకపోతే మా వాళ్ళు నమ్మరు. మీరు కూడా ఆవిణ్ణి చూసి కాస్త నేర్చుకోండి. తనకు నచ్చని ఆటను పదిమంది ఎదుట నచ్చలేదన్నది, ఇంకొకరికి మాత్రం చెడ్డదనలేదు. మీరు తిట్టే పేజీల్లో ఈ రెండో మాట నాకు ఎక్కడా కనపడదు.

మళ్ళీ కథలోకి వస్తే, మేనేజరు హైదరాబాదు వెళ్ళాక కబురు లేదు. రోజులు గడుస్తున్నాయి, ఎండలు ముదురుతున్నాయి. ఆపా సంతకు రావడం కూడా మానేసింది. చెంచాల సంచి ఎవరిచేతనో పంపుతోందని కొట్టువాడు చెప్పాడు. మెకానిక్‌కు అర్థమైంది, ఇంట్లో కూర్చుని మిషను పోయేలోపల దాటాలని ఆడుతోందన్నాడు. నేను ఊరుకోలేక హైదరాబాదుకు ఫోను చేస్తే, మాట్లాడుతున్నాను, ఆగండి అనేవాడు అతను. పైవాళ్ళతో పోట్లాడుతున్నట్టు గొంతులోనే తెలిసేది.

చివరికి ఒక పొద్దున అతనే ఫోను చేశాడు. ఒప్పుకున్నారు. ఆత్మకూరు కౌంటరు ఉంటుంది, గోడౌనులో మిగిలిన పాత లెన్సులన్నీ మాకే పంపుతారు, అయిపోతే మళ్ళీ చేయిస్తారు. మెకానిక్ ఆ మాట విని స్పిరిట్ సీసా మూత పెట్టడం మరిచిపోయాడు. లెన్సుల పార్సిలు వచ్చిన రోజే ఒకటి జేబులో వేసుకుని ఉదయగిరి బస్సెక్కాను. అతనే వెళ్ళవచ్చు, కానీ ఈ కబురు నేనే చెప్పాలనిపించింది. బస్సులో అందరికీ చెప్పెయ్యాలన్నంత సంబరం, పక్కసీటాయనకు చెప్పేశాను కూడా.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. గుమ్మంలో చెక్క పేళ్ళు, సగం చెక్కిన గరిటెలు. వాళ్ళమ్మ అరుగుమీద కూర్చుని చెంచాలకు నునుపు పెడుతోంది. లోపల చిన్న టీవీ ముందు ఆపా. నేను గడపలో నిలబడి, ఆపా, ఒక మాట అన్నాను. ఆవిడ వెనక్కి తిరగకుండానే ఒక చెయ్యి ఎత్తి ఆగమంది. ఏడో వాకిలి దగ్గర ఉంది. నిలబడ్డాను. ఉద్యోగంలో ఎంతమంది ఆటగాళ్ళను ఆగమన్నానో, ఇప్పుడు కంపెనీ తరఫున నేను ఆగాను. అంత సంతోషంగా నేనెప్పుడూ ఎవరికోసమూ నిలబడలేదు.

బొమ్మ తడబడింది. ఆవిడ భుజాలు బిగుసుకున్నాయి. వాకిలి తెరుచుకోకముందే దూకేసింది. పడిపోయింది. అరచేత్తో మొహం తుడుచుకుని అప్పుడు నావైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిద్ర చాలనట్టుంది.

"కౌంటరు ఉంటుంది ఆపా," అన్నాను. లెన్సు తీసి అరచేతిలో పెట్టి చూపించాను. "పాత మిషనుకు కూడా. ఎప్పటికీ అని అనలేను గానీ, ఇప్పట్లో ఎత్తెయ్యరు."

ఆవిడ లెన్సును చూసింది, తెరమీద మైదానంలో లేచి నిలబడిన మనిషిని చూసింది. ఆ మనిషి ఎప్పుడు కదులుదామా అని ఎదురుచూస్తున్నాడు. ఆవిడ టీవీ కట్టేసి లేచి, నడుం మీద చేతులు పెట్టుకుని ఒళ్ళు విరుచుకుంది.

"అయితే ఇంక తొందర్లేదు," అన్నది. "లోపలికి రండి సార్, టీ పెడతాను."

ఆవిడ మొహంలో అంత నెమ్మది నేను అంతకుముందు చూడలేదు.